విప్పి చూసిన చేతులు - జి.డి. నాయుడు గారి జీవితం

పోయిన ఎండాకాలంలో మా ముదిగుబ్బలో కదిరి రోడ్డు పక్కన టీ అంగడి ముందర ఒక ఎలక్ట్రిక్ కారు ఆగింది. దిగిన పెద్దమనిషి టీ తాగుతూ, చుట్టూ చేరిన మాకు తన కారు గొప్పలన్నీ చెప్పినాడు. చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ అన్నాడు. అంతా విన్న ఒక పెద్దాయన, మరి దీంట్లో ఏం తక్కువైందప్పా అని అడిగినాడు. ఆ ఒక్క ప్రశ్నతో కారాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టినాడు.

ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోతుందని చూపించే అంకె, ఏ.సి. వేసుకొని కనుమ ఎక్కేసరికి అబద్ధమైపోతుంది. అది నిజం చెబితే బాగుండు. దారిలోని చార్జింగ్ పెట్టె పనిచేస్తాందో లేదో అక్కడికి పోకముందే తెలిస్తే బాగుండు. స్టెప్నీ ఇచ్చుంటే బాగుండు. ఏ.సి. తగ్గించుకొనేదానికి అద్దం తెర మీద వేలితో వెదుక్కోకుండా, చేత్తో తిప్పే నాబు ఒకటి ఉంటే బాగుండు. బ్యాటరీలో అంత కరెంటు ఉంది గదా, అది బయటికి తీసి తోటలో మోటారు ఆడించుకొనే వీలుంటే బాగుండు. కడపటి వేలు మడుస్తూ ఆయన చెప్పింది మాత్రం నా మనసులో నిలిచిపోయింది. ఏదన్నా చెడిపోతే మన ఊరి మెకానిక్కు విప్పి చూసే వీలుంటే బాగుండునని ఆయన కోరిక.

ఆ మాట విన్నప్పుడు నాకు గుర్తుకొచ్చిన మనిషి జి.డి. నాయుడు. ఆయన ఎలక్ట్రిక్ కారు తయారుచేయలేదు. అయితే యంత్రాన్ని వాడుకొనే మనిషే దాన్ని విప్పి చూసి, తనకు కావలసింది దానికి చేర్చుకోవచ్చునని మన దేశంలో బతికి చూపించిన తెలుగువారిలో ఆయన ముందువరుసలో ఉంటారు. అందుకని ఈ సంచికలో ఆయన జీవితాన్ని నాకు తెలిసినంతలో మిత్రుల ముందు పెడుతున్నాను.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ అనే పల్లెలో పుట్టినారు. తరతరాల కిందటే ఆ సీమకు పోయి స్థిరపడి, బయట తమిళమూ ఇంట్లో తెలుగూ మాట్లాడుకొనే సేద్యపు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వారిదీ అటువంటి కుటుంబమే. చదువు మాత్రం ఆయనకు అబ్బలేదు. పాఠం చెప్పే అయ్యవార్ల మీద మన్ను చల్లి పారిపోయేవారని చెబుతారు. ప్రాథమిక తరగతులతోనే బడి ముగిసింది. తండ్రి పొలంలో పనికి దిగినారు. ఇంతవరకూ మన పల్లెల్లో బడి మానేసిన ఏ పిల్లవాని కథకూ ఆయన కథకూ తేడా లేదు.

తేడా ఒక మోటారు సైకిలుతో వచ్చింది. ఆ దారిన ఒక తెల్లదొర, రెవెన్యూ అధికారి, రడ్జ్ కంపెనీ మోటారు సైకిలు మీద పోతుండగా నాయుడుగారు చూసినారు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి తనంతట తానే పోతా ఉంది. చూసినవాళ్ళందరికీ ఆశ్చర్యం కలిగి ఉంటుంది. కానీ ఆశ్చర్యంతో ఇంటికిపోయి అన్నం తిని పడుకొన్నవాళ్ళు వేరు, నాయుడుగారు వేరు. ఆయన ఊరు విడిచి కోయంబత్తూరుకు నడిచిపోయి, ఒక హోటల్లో సర్వరుగా చేరినారు. ఎంగిలి ఆకులు ఎత్తే చోట పైసా పైసా కూడబెట్టి 300 రూపాయలు పోగయ్యేదాకా పనిచేసినారు. ఆ డబ్బుతో మోటారు సైకిలు కొన్నారు.

కొన్న తర్వాత చేసిన పనిలోనే ఆయన జీవితం మొత్తం ఇమిడి ఉంది. దాన్ని ఎక్కి ఊరేగడంతో తృప్తి పడక, మరకు మర విప్పి నేల మీద పరిచినారు. ఏ ముక్క ఏ పని చేస్తుందో చూసి, మళ్ళీ బిగించినారు. పుస్తకం లేదు, గురువు లేడు. ఆ విప్పడం, బిగించడంతోనే ఆయన మెకానిక్కు అయినారు.

మధ్యలో పత్తి వ్యాపారంలో దిగి చేతులు కాల్చుకొన్నారు. అటు తర్వాత కోయంబత్తూరులో వ్యాపారం చేస్తుండిన రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయుడు ఈ యువకుని పనితనాన్ని గుర్తించి సాయం చేసినాడు. 1920లో నాయుడుగారు ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని ఊర్ల మధ్య నడిపినారు. డ్రైవరూ ఆయనే. ఒక్క బస్సుతో మొదలైన ఆ పని, యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే పేరుతో అచిరకాలంలోనే దేశంలో చక్కగా నడిచే బస్సు సంస్థలలో ఒకటిగా పేరు తెచ్చుకొంది.

ఆ పేరు ఎట్లా వచ్చిందో మనం గమనించాలి. బస్సు నడిపేవానికి ఏం కావాలో, ఎక్కేవానికి ఏం కావాలో రోడ్డు మీద ఉన్నవానికే తెలుస్తుంది. బస్సు ఎప్పుడొస్తుందో తెలియక స్టాండులో కూర్చున్న మనిషి కష్టం చూసి, వేళ తెలిపే సాధనం అమర్చినారు. టిక్కెట్టు లెక్కల్లో తేడాలు చూసి, టిక్కెట్లిచ్చే యంత్రం చేసినారు. ఇంజను అదురును బట్టి లోపల చెడుపు ఎక్కడుందో కనిపెట్టే సాధనం చేసినారు. వీటిలో ఒక్కటీ పరిశోధనశాలలో పుట్టలేదు. అన్నీ టాపు మీద మూటలతో, దుమ్ములో పోయే బస్సులో పుట్టినవే. మన టీ అంగడి ముందర కారాయన వేళ్ళు మడిచి చెప్పినటువంటి కోరికలే అవి. అయితే ఇక్కడ కోరినవాడూ తీర్చినవాడూ ఒక్కరే.

1930లలో నాయుడుగారు యూరపు తిరిగి వచ్చినారు. జర్మనీ ఆయనకు బాగా నచ్చింది. ఆ కాలంలోనే ఆయన చేసిన ఎలక్ట్రిక్ రేజరుకు రసాంత్ అని పేరు. లోపల ఒక చిన్న మోటారు, దాన్ని తిప్పేదానికి టార్చిలైటులో వేసే మాదిరి బ్యాటరీలు. ఇందులో విశేషమేముందని ఇప్పటివాళ్ళు అనుకోవచ్చు. ఆనాడు మన పల్లెల్లో కరెంటు లేదు. గోడకు ప్లగ్గు లేనిచోట ఎలక్ట్రిక్ వస్తువు పనిచేయాలంటే కరెంటును వెంట మోసుకొని పోవాలి. బ్యాటరీ, మోటారు, వాటి మధ్య ఒక స్విచ్చి. నేటి ఎలక్ట్రిక్ కారు మూలసూత్రం కూడా ఇంతే గదా! గడ్డం గీసే ఆ సాధనంలో ఉన్నది చిటికెడు, కారులో ఉన్నది పుట్టెడు.

నాయుడుగారిని భారతదేశపు ఎడిసన్ అంటారు. ఈ బిరుదు చాలామందికి తెలుసుగానీ, అసలు ఎడిసన్ ఎలక్ట్రిక్ కారు కోసం దాదాపు పదేండ్లు ధారపోసిన సంగతి అంతగా తెలియదు. 1900లో అమెరికాలో తయారైన 4,192 మోటారు బండ్లలో 1,575 ఎలక్ట్రిక్ బండ్లే. పెట్రోలువి 936 మాత్రమే. మిగతావి ఆవిరి బండ్లు. ఆ ఎలక్ట్రిక్ బండ్ల యజమానులు కోరుకొన్నవేమిటి? ఒక్క చార్జింగుతో ఎక్కువ దూరం పోవాలి, బ్యాటరీ బరువు తగ్గాలి, త్వరగా చార్జి కావాలి, నాలుగు కాలాలు మన్నాలి. నూటపాతికేండ్ల తర్వాత ముదిగుబ్బలో వినిపించిన కోరికలు వీటికి తోబుట్టువులే. సీసపు బ్యాటరీ బరువనీ, దాని ఆమ్లం లోహాన్ని తినేస్తుందనీ ఎడిసన్ నికెల్, ఇనుములతో కొత్త బ్యాటరీ చేసినాడు. మొదట అమ్మినవి కారిపోతుంటే వాటిని ఆపివేసి, మళ్ళీ కష్టపడి 1910 నాటికి మంచి బ్యాటరీ తెచ్చినాడు. అది ఏండ్ల తరబడి మన్నేది. కానీ ఆలస్యమైపోయింది. 1908లో ఫోర్డు చౌక కారు వచ్చింది. 1912లో కాడిలాక్ కారుకు కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. పెట్రోలు కారు వాళ్ళు కోరుకొన్నది ఒక్కటే, చేతులు విరిగేటట్టు హ్యాండిలు తిప్పే బాధ పోవాలని. ఆ ఒక్క కోరిక తీరడంతో ఎలక్ట్రిక్ కారు వెనకబడిపోయింది. వాడేవాని కోరికను చిన్నచూపు చూడగూడదని ఈ చరిత్ర చెబుతుంది.

తిరిగి కోయంబత్తూరుకు వద్దాం. నీలగిరులలో పైకారా జలపాతం నుంచి తీసిన కరెంటు 1930లలో ఆ ప్రాంతానికి అందింది. అక్కడి నేల మన నేల మాదిరిదే. వాన తక్కువ, బావులు లోతు. కపిల కట్టి ఎద్దులతో నీళ్ళు తోడే కష్టం మా తాతల తరంవాళ్ళకు తెలుసు. కరెంటు వచ్చింది, బావి ఉంది. మధ్యలో కావలసిన మోటారు మాత్రం సీమ నుంచి రావాలి. ఇక్కడే నాయుడుగారి జీవితంలోకెల్లా పెద్ద పని జరిగింది. పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే కర్మాగారంలో డి. బాలసుందరం నాయుడు గారి తోడ్పాటుతో 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారైంది. మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు అదేనంటారు. ఆ తర్వాత కోయంబత్తూరు మోటార్లకూ పంపులకూ దేశానికంతా పుట్టిల్లయింది. ఈనాడు ముదిగుబ్బ, ధర్మవరం, పెనుకొండ పల్లెల్లో బోరులోకి దించే మోటార్ల పేరుపలక తుడిచి చూడండి, చాలావాటి మీద కోయంబత్తూరు పేరే ఉంటుంది. మా చేనికి నీళ్ళిచ్చే మోటారు మీదా ఆ పేరే ఉంది.

ఆయన చేయి పెట్టని పని లేదు. పలుచని షేవింగు బ్లేడు, పండ్లరసం తీసే సాధనం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి వీలులేని ఓటు యంత్రం చేసినారు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించినారు. సేద్యాన్నీ మరచిపోలేదు. పత్తి చెట్టును పది అడుగుల ఎత్తు పెంచి చూపించినారు. 1936లో ఎన్నికల్లో నిలబడి ఓడిపోయినారు కూడా. ఓడిపోయిన ముచ్చట ఎందుకంటే, గొప్పవాళ్ళకు అన్నీ కలిసివస్తాయనే భ్రమ మనకు ఉండగూడదు.

బడి మానేసిన ఆ మనిషి 1945లో ఇంజనీరింగు కళాశాలకు పునాది వేసినారంటే వింతగా ఉంటుంది. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు మీద కోయంబత్తూరులో పాలిటెక్నిక్కూ, ఇంజనీరింగు కళాశాలా ఆయన చొరవతోనే వెలిసినాయి. ప్రిన్సిపాలుగా కూడా ఉండినారు. ఇంజనీరింగు చదువుకు నాలుగేండ్లు అనవసరమనీ, యంత్రాల మధ్య నిలబెట్టి నేర్పితే రెండేండ్లు చాలుననీ ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన ఆ పదవి వదులుకొన్నారు. ఆయన వాదమంతా సరైనదని నేను అనను. గణితం, భౌతికశాస్త్రం లేకుండా మోటారు ఎందుకు తిరుగుతుందో తెలియదు. అయితే మోటారును ముట్టకుండా మూడేండ్లు ఫిజిక్సు చదివే మన పరిస్థితి చూస్తే, ఆయన కోపంలో న్యాయం ఉందని ఒప్పుకోక తప్పదు.

1952లో ఆయన ఇద్దరు కూర్చొనే చిన్న పెట్రోలు కారును తయారుచేసినారు. ధర సుమారు 2,000 రూపాయలు. మామూలు మనిషికి అందే కారు. కానీ దాన్ని పెద్దయెత్తున చేసేదానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అది లైసెన్సుల కాలం. ఏ వస్తువు ఎవరు చేయాలో, ఎన్ని చేయాలో ఢిల్లీలో కాగితం మీద నిర్ణయమయ్యే కాలం. ఆ బుల్లి కారు రోడ్డెక్కక ముందే నిలిచిపోయింది. పన్నుల విషయంలో కూడా ఆయనకు ప్రభుత్వంతో పేచీలు తప్పలేదు. తన చేతులతో విప్పలేని యంత్రం ఆయనకు ఎదురుపడింది అదొక్కటే.

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూసినారు. ఆయన చేసిన వస్తువులను కోయంబత్తూరులో ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాలలో ఈనాటికీ చూడవచ్చు. 2025లో అదే ఊరిలో అవినాశి రోడ్డు మీద కట్టిన పెద్ద ఫ్లైఓవరుకు ఆయన పేరు పెట్టినారు.

ఆయన పోయిన తర్వాత కథ ఆగలేదు. 1993లో లవ్‌బర్డ్ అనే ఎలక్ట్రిక్ కారు వచ్చింది. మన దేశపు తొలి ఎలక్ట్రిక్ కారుగా దాన్ని చెప్పుకొంటారు. కేరళలోని చాలకుడి, మన నాయుడుగారి కోయంబత్తూరు దాని పుట్టిళ్ళు. అదీ ఇద్దరు కూర్చొనేదే. ఒక్క చార్జింగుకు సుమారు 60 కిలోమీటర్లు పోయేది. ఎక్కువ అమ్ముడుపోక అదీ నిలిచిపోయింది.

ఇప్పుడు ఆ కథ మన వాకిట్లోకి వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియా కంపెనీ కియా 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది. 2025 జూలైలో ఆ కంపెనీ ఇక్కడే తయారుచేసిన ఎలక్ట్రిక్ కారును విడుదల చేసింది. అందులో పెద్ద బ్యాటరీ 51.4 యూనిట్లది. ఇక ఒక చిన్న లెక్క వేద్దాం. 5 హెచ్.పి. బోరు మోటారు గంటకు దాదాపు నాలుగున్నర యూనిట్లు తాగుతుంది. అంటే ఇంత బ్యాటరీతో ఆ మోటారు సుమారు పదిగంటలు ఆడాలి. కాయ ఊరే సమయంలో ఒక్క తడి అందక శెనగపంట ఎండిపోయే మన సీమలో పదిగంటల నీళ్ళంటే ఏమిటో రైతుబిడ్డకు వేరే చెప్పనక్కర లేదు. కరెంటు బయటికి ఇచ్చే సదుపాయం కొన్ని కార్లలో ఇప్పటికే ఉంది. కానీ అది మామూలుగా దీపానికీ, ఫ్యానుకూ, మిక్సీకీ సరిపడే ఒక్క ఫేజు కరెంటు. బోరుకు కావలసింది మూడు ఫేజులు. కారులో మూడు ఫేజుల ప్లగ్గు ఒకటి పెట్టాలని ఎక్కడో దూరదేశంలో గీతలు గీసే ఇంజనీరుకు తోచకపోతే అది అతని తప్పు కాదు. అతనికి బోరు లేదు. అది తోచవలసింది మనకు.

నాయుడుగారి జీవితం నాకు చెప్పే మాట ఇదే. యంత్రానికి ఏం తక్కువైందో వాడేవానికి తెలుస్తుంది, దాన్ని ఎట్లా చేర్చాలో విప్పి చూసినవానికి తెలుస్తుంది. ఈ రెండూ ఒకే చోట చేరినప్పుడే కొత్త సాధనం పుడుతుంది. నేటి ఎలక్ట్రిక్ కారులో ఈ రెండింటినీ విడదీసినారు. బ్యాటరీ పెట్టె సీలు వేసి ఉంటుంది. లోపలి మాట కంపెనీ కంప్యూటరుకే తెలుస్తుంది. బ్యాటరీ ఎంత అరిగిందో కొన్నవానికే తెలియదు. ఈ బాధ ఒక్క మనకే కాదు. యూరపు దేశాలు 2023లో చట్టం చేసి, 2027 ఫిబ్రవరి నుంచి ప్రతి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకీ దాని వివరాలన్నీ ఉండే ఒక పాస్‌పోర్టు ఉండాలని నిర్ణయించినాయి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మోటారు సైకిలు విప్పినట్టు ఎలక్ట్రిక్ కారును విప్పగూడదు. లోపల మూడు నాలుగు వందల వోల్టుల డి.సి. కరెంటు ఉంటుంది. చేయి తగిలితే ప్రాణం పోతుంది. సీలు వేయడంలో కొంత న్యాయం ఉంది. అయితే దానికి మందు ఎవరూ ముట్టకుండా చేయడం కాదు, ముట్టడం తెలిసినవాళ్ళను తయారుచేయడం. నాయుడుగారు రెండేండ్ల చదువు కావాలన్నది ఇటువంటి పనికోసమే. హిందూపురం, ధర్మవరం, కదిరి పిల్లలకు గ్లవ్సులు తొడిగి, నిజమైన బ్యాటరీ ముందర నిలబెట్టి నేర్పే చదువు మన జిల్లాలో పుట్టాలి. అది లేకపోతే ఎర్రమంచిలో ఎన్ని కార్లు తయారైనా, మన పిల్లలు గేటు దగ్గర నిలబడి బండ్ల నంబర్లు రాసుకొనేవాళ్ళుగానే మిగిలిపోతారు.

ఇది మనకు చేతకానిదేమీ కాదు. ఆ కారులో తిరిగే మోటారూ మన బోరులో తిరిగే మోటారూ ఒకే వంశం, రెండింటికీ మూడు ఫేజులే. ముదిగుబ్బ సంతదారిలో రీవైండింగ్ అంగడి పెట్టుకొన్న మనిషి, కాలిపోయిన మోటారు రాగితీగ విప్పి, చుట్లు లెక్కపెట్టి, సాయంత్రానికి మళ్ళీ చుట్టి ఇస్తాడు. చదివింది ఏడో తరగతి. మొన్న సెలవుల్లో పోయి ఆయన పక్కన కూర్చుని ఒక స్టేటరు చుట్టడం నేర్చుకొన్నాను. మూడు ఫేజుల గురించి మూడేండ్లుగా పరీక్షల్లో రాస్తున్నది ఆ పూట నా వేళ్ళకు అర్థమైంది.